రక్తం ఇచ్చిన చేతికి రిపోర్టు

పొద్దున తొమ్మిదిన్నర దాటింది. పత్తి ఏరే రోజులు. పరకాల నుంచి భూపాలపల్లి పోయే దారిలో, రేగొండ చుట్టుపక్కల ఊళ్లలో ఒక్క పూట కూలి పోయినా లెక్కలోకి వచ్చే కాలం. అయినా సర్కారు దవాఖాన వరండాలో పాతిక మంది దాకా కూర్చున్నారు. ల్యాబ్ టెక్నీషియన్ బల్ల మీద మూడు రకాల ట్యూబులున్నాయి. రక్తకణాల లెక్కకు ఊదా మూతది, షుగరుకు బూడిద రంగు మూతది, మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ చూడడానికి ఎర్ర మూతది. ఓ అవ్వ వంతు వచ్చింది.

"ఫోన్ నెంబర్ చెప్పవ్వా."

"నాకేం ఎర్క బిడ్డా, గీ చీటీల రాసుంది సూడు."

నడుముకు దోపుకున్న చిన్న సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. అందులో పది అంకెలున్నాయి. హైదరాబాద్‌లో ఉండే కొడుకు నంబరు. టెక్నీషియన్ దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించింది, బార్‌కోడ్ స్టిక్కర్ తీసి ట్యూబుకు అంటించింది, సూది వేసింది. అవ్వ దూది నొక్కిపట్టుకుని లేచి, "మళ్ల ఎప్పుడు రావాలె?" అని అడిగింది. "ఫోన్‌కు వస్తదవ్వా" అని జవాబు.

ఎవరి ఫోనుకు? నా దృష్టిలో ప్రభుత్వ ప్రయోగశాలల కథంతా ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆగి ఉంది. పరీక్షను ఉచితం చేయడంలో మనం చాలా దూరం వచ్చాం. ఆ ఫలితం రక్తం ఇచ్చిన మనిషికి చేరాలి, మందు మార్చడానికి పనికొచ్చే వేళకు చేరాలి, ఆమెకు అర్థమయ్యే మాటలో చేరాలి. ఈ చివరి మజిలీ మీద పెట్టిన శ్రద్ధ మాత్రం తక్కువ.

వచ్చిన దూరాన్ని ముందు ఒప్పుకోవాలి. ఒకప్పుడు ఊళ్లో జ్వరమొస్తే ఆరోగ్య కార్యకర్త వేలు గుచ్చి గాజుపలక మీద రక్తపూత తీసుకుని పోయేవారు. ఆ పూత ల్యాబుకు చేరి, ఎవరో సూక్ష్మదర్శినిలో చూసి, మలేరియా ఉందో లేదో కబురు రావడానికి రోజులు, కొన్నిసార్లు వారాలు పట్టేది. అందుకే పూత తీసిన రోజే ముందుజాగ్రత్తగా క్లోరోక్విన్ గోలీలు మింగించి, పాజిటివ్ అని తేలాక పూర్తి మందు ఇచ్చేవారు. ఫలితం ఆలస్యంగా వస్తుందని ముందే లెక్కగట్టి వైద్యాన్నే దానికి తగ్గట్టు మలిచారన్నమాట. తర్వాత, పావుగంటలో ఫలితం చూపే కిట్లు ఊళ్లోకే వచ్చాయి. గుచ్చిన చోటే, గుచ్చిన మనిషి కళ్లముందే గీత పడడంతో మలేరియాలో ఈ సమస్య చాలావరకు తీరింది.

మిగతా పరీక్షలకు అలాంటి సులువు లేదు. చాలాకాలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్, మూత్రపరీక్ష, కఫం పరీక్ష లాంటి కొన్నే జరిగేవి. థైరాయిడ్ అన్నా, క్రియాటినిన్ అన్నా పరకాలలోనో హనుమకొండలోనో ప్రైవేటు ల్యాబుకు పోవాల్సిందే, లేదంటే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో వరసలో నిలబడాల్సిందే. జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో ఉచిత పరీక్షల పథకానికి మార్గదర్శకాలు ఇచ్చింది. తర్వాత వాటిని సవరించి, ఉపకేంద్రంలో 14, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో 63, జిల్లా ఆస్పత్రిలో 134 రకాల పరీక్షలు ఉండాలంది. తెలంగాణ 2018లో హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఆవరణలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాన్ని తెరిచింది. 2021 జూన్‌లో ఒకేసారి 19 జిల్లాల్లో అలాంటి కేంద్రాలు మొదలయ్యాయి. మన చుట్టుపక్కల జనగామ, మహబూబాబాద్, ములుగు ఆ జాబితాలో ఉన్నాయి. మొదట 57 రకాల పరీక్షలు, 2023 నాటికి 134. జనం నోట ఇది టీ హబ్ అయింది.

దీని పని తీరు చెప్పుకోవడానికి సులభమే. రక్తం ఊళ్లో తీస్తారు, యంత్రం జిల్లా కేంద్రంలో ఉంటుంది. బండి రోజూ ఒక దారి పట్టుకుని దవాఖానలన్నీ తిరిగి, ఐస్ ప్యాకులు పెట్టిన పెట్టెల్లో ట్యూబులు తీసుకుపోతుంది. అక్కడ యంత్రం బార్‌కోడ్ చదివి పరీక్ష చేస్తుంది. ఫలితం కంప్యూటర్‌లోకి ఎక్కి, పంపిన దవాఖాన డాక్టరుకు కనిపిస్తుంది, రోగి ఇచ్చిన నంబరుకు సందేశంగా వెళుతుంది. ప్రతి మండలంలో లక్షల ఖరీదు చేసే యంత్రం పెట్టి, దాన్ని నడిపే మనిషి కోసం వెతకడం కంటే ఇది నూటికి నూరుపాళ్లు తెలివైన పద్ధతి.

అయితే రక్తం ప్రాణమున్న పదార్థం. ట్యూబులో పడ్డాక కూడా కణాలు షుగరును తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో వదిలేస్తే గంటకు దాదాపు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. బూడిద రంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ వేసేది ఆ తినడాన్ని ఆపడానికే. ఎర్ర మూత ట్యూబును వేళకు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి సీరం వేరు చేయకపోయినా, గతుకుల రోడ్డు మీద కణాలు చితికినా పొటాషియం లేనిపోని ఎత్తుకు పోతుంది. అప్పుడు నిజాయతీ ఉన్న ల్యాబు "శాంపిల్ పనికిరాదు, మళ్లీ పంపండి" అని రాస్తుంది. ఆ మాట కూడా ఒక ఫలితమే. ఆ అవ్వకు చేరాల్సిందే. "రిపోర్టు రాలేదు" అని జనం చెప్పుకునే వాటిలో ఇలాంటివీ ఉంటాయి. మళ్లీ రక్తం ఇవ్వమని పిలిచినవాళ్లు లేక, రాని రిపోర్టు కోసం వాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోతారు.

ఆలస్యానికి ఇంకో కారణం ఉంది. దీన్ని ఎవరూ రోగికి వివరించరు. వానలు తగ్గే వేళకు డెంగీ భయం మొదలవుతుంది. ఆర్ఎంపీ దగ్గర కిట్టు మీద పావుగంటలో తేలిపోతుంది. ప్రభుత్వ లెక్కలో డెంగీ అని రాయాలంటే మాత్రం ఎలీసా పరీక్ష కావాలి. ఎలీసా పలకకు 96 గుంటలుంటాయి. ఒక్క మనిషి రక్తం కోసం పలకంతా వాడలేరు కాబట్టి కొన్ని శాంపిళ్లు పోగయ్యేదాకా ఆగుతారు. పైగా జ్వరం మొదలైన తొలి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 చూడాలి, ఆ తర్వాత ఐజీఎం. జ్వరం మొదలైన ఎన్నో రోజున రక్తం తీశారో చీటీ మీద రాయకపోతే ఫలితానికి అర్థమే మారిపోతుంది. రక్తంలో సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్‌కు రెండు మూడు రోజులు తక్కువ కాదు. క్షయ కల్చర్‌కైతే వారాలు. అదే క్షయకు ట్రూనాట్ యంత్రం మీద ఒకట్రెండు గంటలే. గోవాలో మోల్‌బయో అనే సంస్థ తయారుచేసే ఈ చిన్న యంత్రం మండల స్థాయి దాకా రాగలిగింది. ఏ పరీక్షకు ఎంత కాలమో గోడ మీద తెలుగులో రాసిపెడితే చాలు, సగం తిరుగుళ్లు తగ్గుతాయి. ఈ ఒక్క పనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. మేడారం ఈ ప్రాంతానికి దగ్గర. అక్కడి దేవతల పేరు మీద పెట్టుకునే సమ్మక్క, సారమ్మ, సమ్మయ్య, సారయ్య ఇంటింటా ఉన్న పేర్లు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, దగ్గర దగ్గర వయసు ఉన్న ఇద్దరు ఒకే రోజు దవాఖానకు రావడం ఇక్కడ అసాధారణమేమీ కాదు. ఆధార్‌లో ఒక పేరు, ఊళ్లో పిలిచేది ఇంకో పేరు. అందుకే ల్యాబు పనిలో పేరు ఒక్కటే గుర్తుగా తీసుకోకూడదంటారు. పేరుతో పాటు తండ్రి లేదా భర్త పేరో, పుట్టిన ఏడాదో, శాంపిల్ నంబరో ఉండాలి. ట్యూబు మీద అంటించిన బార్‌కోడ్ నంబరును ఓపీ చీటీ మీద కూడా రాసిస్తే, ఫోన్ పోయినా, పేరు తారుమారైనా ఆ నంబరు చెప్పి రిపోర్టు తీయించుకోవచ్చు. నేను చూసిన ఒక టెక్నీషియన్ స్టిక్కర్లు రెండు తీసి, రెండోదాన్ని చీటీకి అంటించి ఇస్తోంది. ఎవరు నేర్పారని అడిగితే, "రోజూ పదిమంది వచ్చి అడుగుతరు గద సార్" అంది.

ఇక ఫోను దగ్గరికి వస్తాను. ఇది నాకు దూరం నుంచి చూసిన విషయం కాదు.

మా పెద్దమ్మది ఈ వైపు ఊరే. మోకాళ్ల నొప్పులు, కొన్నాళ్లుగా కాళ్ల వాపు. ఒక సర్కారు దవాఖానలో రక్తం తీశారు. నంబరు మా అన్నది ఇచ్చింది. అన్న పట్నంలో బండి నడుపుతాడు. సందేశం వచ్చింది. నీలిరంగు లింకు, ఇంగ్లిష్ అక్షరాలు, పైన తెలియని పేరు. లోన్ ఇస్తామనే సందేశాల మధ్యన అదొకటి. ఆయన తెరవలేదు. మోసం లింకులు తెరవొద్దని టీవీలో చెబుతుంటే విన్న మనిషి, ఆయన్ను ఏమనగలం? పెద్దమ్మ నెల రోజులు చూసి, రిపోర్టు ఏమీ రాలేదంటే అంతా మంచిగనే ఉన్నట్టు అనుకుంది. ఊళ్లో నొప్పుల సూది వేయించుకుంటూ పోయింది. నాలుగు నెలల తర్వాత ఆయాసం మొదలైతే వరంగల్ తీసుకుపోయాం. అక్కడి డాక్టరు పాత రిపోర్టులేమైనా ఉన్నాయా అంటే అన్న ఫోన్ వెతికాం. లింకు తెరిస్తే ఉంది, క్రియాటినిన్ 3.1. ఆడవాళ్లలో దాదాపు 1.1 దాటకూడని సంఖ్య అది. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని ఆ కాగితం నాలుగు నెలల కిందే చెప్పింది. ఆ నాలుగు నెలలూ ఆమె వేయించుకున్నవి సరిగ్గా మూత్రపిండాలకు హాని చేసే నొప్పి సూదులే.

ఆ రోజు ల్యాబు తన పని సరిగ్గానే చేసింది. బండి వచ్చింది, యంత్రం నడిచింది, సందేశం వెళ్లింది. కంప్యూటర్ లెక్కలో అది "పంపబడింది". పెద్దమ్మకు మాత్రం అందలేదు. పంపడానికి, అందడానికి మధ్యన ఉన్న ఈ ఖాళీని ఎవరి పనిగానూ రాసిపెట్టలేదు.

దీనికి మందు ప్రపంచానికి ఎప్పుడో తెలుసు. లాస్ ఏంజెలస్‌లో జార్జ్ లండ్‌బర్గ్ అనే ల్యాబు వైద్యుడు 1972లో ఒక పద్ధతి గురించి రాశారు. ప్రాణం మీదికి వచ్చే సంఖ్య కనబడితే, రిపోర్టు తన దారిన పోతుందని ఊరుకోకుండా ల్యాబే ఫోన్ చేసి డాక్టరుకు చెప్పాలి, చెప్పినట్టు రాసుకోవాలి. పొటాషియం మరీ ఎక్కువ, ప్లేట్‌లెట్లు 20 వేల కంటే తక్కువ, షుగరు మరీ పడిపోవడం లాంటివి ఈ జాబితాలో ఉంటాయి. ఇవాళ మంచి ల్యాబులన్నీ పాటించే నియమం ఇది. మన జిల్లా కేంద్రాల నుంచి ఊరి ఏఎన్ఎం దాకా ఈ ఫోన్ కాల్ ఒక కచ్చితమైన గొలుసుగా ఉండాలి. ల్యాబు నుంచి డాక్టరుకు, డాక్టరు నుంచి ఏఎన్ఎంకు, ఆమె నుంచి ఆశ కార్యకర్తకు, ఆశ నుంచి గడపకు. మెరుపు వేగం కాకపోయినా ఫరవాలేదు. ప్రతి చోటా చెప్పినవాళ్ల సంతకం, విన్నవాళ్ల సంతకం పడితే చాలు.

కాగితం చేతికి వచ్చినా సగం పనే. హిమోగ్లోబిన్ ఎదురుగా 7.8, పక్కన ఇంగ్లిష్‌లో 'తక్కువ' అని సూచించే అక్షరం. అది గర్భిణిదైతే 11 కంటే తక్కువ కాబట్టి రక్తహీనత, 7 కంటే తగ్గితే తీవ్రం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఈ ఒక్క సంఖ్యను తెలుగులో చెబితే సగానికి పైగా ఇళ్లకు పనికొస్తుంది. రిపోర్టు అడుగున మూడు వాక్యాలు తెలుగులో ఉంటే చాలంటాను. ఏది మామూలుగా లేదు, ఎన్ని రోజుల్లో డాక్టరును కలవాలి, ఈలోగా ఏం మానాలి. మా పెద్దమ్మ రిపోర్టు మీద "నొప్పి సూదులు వద్దు" అనే మూడు మాటలుంటే చదివినవాళ్లెవరైనా ఆపేవారు.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్లలో ఇంకో తికమక ఉంటుంది. ఇక్కడి రిపోర్టు ఫొటో తీసి లండన్‌కో మెల్‌బోర్న్‌కో వాట్సాప్‌లో పంపుతారు. ఇక్కడ షుగరు 180 అంటే అక్కడి కొలతలో 10. అక్కడి డాక్టరు "పది" అంటే ఇక్కడి తల్లి హడలిపోతుంది, ఇక్కడి 180 చూసి అక్కడి స్నేహితులు హడలిపోతారు. రెండూ ఒకటే.

ఈ మొత్తంలో మనకు ముందే ఉన్న ఒక మంచి ఏర్పాటును ఎవరూ గుర్తుచేసుకోరు. అది గర్భిణులకు ఇచ్చే తల్లీబిడ్డ సంరక్షణ కార్డు. రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, మూత్రంలో ప్రోటీన్, షుగరు, ప్రతి సందర్శనలో బరువు, బీపీ అన్నీ అందులో చేత్తో రాస్తారు. ఆమె పుట్టింటికి పోతే కార్డు వెంట పోతుంది. కాన్పుకు పెద్దాస్పత్రికి పోయినా అక్కడి డ్యూటీ డాక్టరు ముందు అడిగేది అదే. కరెంటు అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఫలితం మనిషి వెంట నడవడమంటే ఇదే. బీపీ, షుగరు, మూత్రపిండాల రోగులకు ఇలాంటి పుస్తకం ఒకటి ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

డిజిటల్ దారిని వద్దనడం లేదు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైంది. 14 అంకెల ఆభా నంబరు కింద ఎక్కడి రిపోర్టులైనా ఒకచోట కనిపించేలా చేయడం దాని ఉద్దేశం. 2022 మార్చిలో మన పక్కనున్న ములుగులో, సిరిసిల్లలో ఇంటింటికీ వెళ్లి రక్తం తీసి ప్రతి ఒక్కరికీ ఆరోగ్య వివరాల పట్టిక తయారుచేసే ప్రయోగం మొదలుపెట్టారు. ఇవన్నీ మంచి ఆలోచనలే. కానీ వీటన్నిటి తాళంచెవి మళ్లీ ఆ పది అంకెల నంబరే. ఓటీపీ కొడుకు ఫోనుకు పోతుంది. కొడుకు దగ్గర లేకపోతే తల్లి ఆరోగ్యం తల్లికే తెరుచుకోదు.

పైగా అన్ని ఫలితాలూ ఫోనుకు రాకూడదు. హెచ్ఐవీ పరీక్ష ఫలితం కౌన్సెలర్ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాల్సింది. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ గోప్యతను హక్కుగా చేసింది. బావమరిది ఫోనుకు, ఊళ్లో మీసేవ నడిపే కుర్రాడి ఫోనుకు అది పోతే జరిగే నష్టం మందులతో తీరదు. సికిల్ సెల్ సంగతి కూడా అలాంటిదే. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు జరుగుతున్నాయి. మన భూపాలపల్లి జిల్లాలో మహాముత్తారం, పలిమెల లాంటి అడవి మండలాల కోయ గూడేలకు ఇది ముఖ్యమైన పరీక్ష. ఆ జన్యువు ఒకటే ఉన్న మనిషికి సాధారణంగా ఏ జబ్బూ ఉండదు. అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఈ ఫలితం తెలియడం ఆ పిల్లకు మేలు. ఆమెకు వివరించకుండా ఊరికి తెలిస్తే ఆ పిల్లకు సంబంధాలే రావు. ఎవరికి ముందు చెప్పాలి అన్నది అందుకే చిన్న విషయం కాదు.

హక్కుల మాట. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి అడిగితే డాక్టరు 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోనూ రికార్డులు, పరీక్షల నివేదికలు పొందే హక్కు ఉంది. ప్రభుత్వ ల్యాబు కాబట్టి సమాచార హక్కు చట్టం కూడా వర్తిస్తుంది. మామూలు గడువు 30 రోజులు, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. ఇవన్నీ తెలిసిన మనిషి వరండాలో గొంతు పెంచకుండా అడిగినా పని జరుగుతుంది. తెలియని మనిషి చేతులు కట్టుకుని నిలబడుతుంది.

అమెరికాలోనూ ఈ హక్కు తేలిగ్గా రాలేదు. చాలా రాష్ట్రాల్లో ల్యాబు నేరుగా రోగికి ఫలితం ఇవ్వడానికి వీల్లేకపోయింది, డాక్టరు ద్వారానే తెలియాలి. 2014లో కేంద్ర నిబంధన మార్చి రోగి అడిగితే ల్యాబే ఇవ్వాలన్నారు. 2021 ఏప్రిల్ నుంచి ఫలితం సిద్ధమవగానే ఆలస్యం లేకుండా రోగికి కనిపించాలనే నియమం వచ్చింది. డాక్టరు చెప్పకముందే చెడు వార్త చూస్తే కంగారు పడతారని చాలామంది వైద్యులు అభ్యంతరం చెప్పారు. 2023లో వెలువడిన ఒక అధ్యయనంలో 8 వేల మందికి పైగా రోగులను అడిగితే 96 శాతం మంది వెంటనే చూడడమే కావాలన్నారు. ఫలితం మామూలుగా లేనివాళ్లలోనూ ఎక్కువమంది మాట అదే. తన ఒంటి సంగతి తనకు తెలియాలని మనిషి కోరుకోవడంలో పట్నమూ పల్లే, అమెరికా రేగొండ అనే తేడా నాకు కనిపించదు. అక్కడ డాక్టరుకు సందేశం పంపి అడిగే వీలుంది, ఇక్కడ అడగడానికి ఆశ ఉంది. ఆమెకు ఆ పని అప్పగించి, దానికి తగ్గ డబ్బు ఇవ్వాలి. ఇప్పటికే ఆమె నెత్తిన ఉన్న పనుల మీద ఇంకోటి ఊరికే వేయడం అన్యాయం.

మా పెద్దమ్మ ఇప్పుడు వరుసగా పరీక్షలు చేయించుకుంటోంది. డయాలిసిస్ దాకా పోలేదు. నొప్పి సూదులు ఆగాయి, ఉప్పు తగ్గింది, బీపీ గోలీలు మారాయి. అన్న కొనిచ్చిన 40 పేజీల బడి నోటుపుస్తకం ఒకటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుంటుంది. మొదటి పేజీలో ఆమె పేరు, భర్త పేరు, పుట్టిన ఏడాది, ఏఎన్ఎం నంబరు, అన్న నంబరు, నా నంబరు. లోపల ఒక్కో వరసలో తేదీ, శాంపిల్ నంబరు, క్రియాటినిన్, హిమోగ్లోబిన్, షుగరు. ఏఎన్ఎం కంప్యూటర్‌లో చూసి అంకెలు వేస్తుంది. పెద్దమ్మకు చదువు రాదు. అయినా పై వరసలో అంకె కింద వరసలో అంకె కంటే పెద్దదో చిన్నదో పోల్చుకోగలదు. రెండు వందల నోటు, ఐదు వందల నోటు తెలిసిన మనిషికి అంకెలు రావనుకోవడం మన పొరపాటు.

ఈ నెల ఆఖరి వరసలో తేదీ ఉంది, శాంపిల్ నంబరు ఉంది, మిగతా గడులు ఖాళీగా ఉన్నాయి. టీకాల కోసం ఏఎన్ఎం బుధవారం ఊళ్లోకి వస్తుంది. పుస్తకం పట్టుకుని అంగన్‌వాడీ దగ్గరికి పోతానని పెద్దమ్మ పొద్దున ఫోన్‌లో చెప్పింది.